నూట రెండు రసీదులు

దిలావర్ ఎవరికైనా బాకీ పడ్డాడంటే రాయచోటిలో ఒక్కరు కూడా నమ్మరు. బస్టాండు పక్కన ఫ్రిజ్జులు బాగుచేసే కొట్టులో పని నేర్చుకునే రోజుల్లో, టీ అంగడివాడు మరిచిపోయిన రెండు టీల డబ్బులు కూడా మరునాడు పొద్దున్నే పోయి ఇచ్చి వచ్చేవాడు. అంత పట్టింపు మనిషి. అలాంటివాడి ఇంటి తలుపు మీద, పదిమందీ వచ్చిపోయే దారిలో, "అద్దె బాకీ పడినందున ఇల్లు రద్దు" అని కాగితం అంటిస్తే ఒళ్ళు మండదా? 1991 మే ఒకటో తారీఖున, సౌదీలో ఖోబర్ ఊళ్ళో, అల్ అజీజియా పేటలోని కంపెనీ కాలనీలో సరిగ్గా అదే జరిగింది.

ఆయన సౌదీకి వచ్చింది 1979 మార్చిలో, ఏసీ మెకానిక్‌గా. మొదటి మూడున్నరేళ్ళు బ్యాచిలర్ క్యాంపులో, గదికి ఎనిమిది మంది చొప్పున, రేకుల కింద ఉడికాడు. 1982లో కంపెనీ తన పనివాళ్ళ సంసారాల కోసం నలభై ఇళ్ళ కాలనీ కట్టింది. రెండు గదులు, వంటిల్లు, నెలకు రెండు వందల యాభై రియాళ్ళ అద్దె. బయటి అద్దెలు మెకానిక్ జీతానికి అందేవి కావు కాబట్టి అందరూ ఎగబడ్డారు. క్వార్టరు ఉన్నవాడికే కంపెనీ ఫ్యామిలీ వీసా కాగితం మీద సంతకం పెట్టేది. ఇల్లుంటే పెళ్ళాం బిడ్డలు దగ్గరుంటారు. ఇల్లు పోతే వాళ్ళు తిరుగు విమానం ఎక్కాల్సిందే.

నవంబరు ఒకటిన తాళంచెవి తీసుకునేటప్పుడు ఒప్పంద పత్రం ముందు పెట్టారు. అంతా అరబ్బీ. దిలావర్ చిన్నప్పుడు మసీదులో చదువుకున్నవాడు, అక్షరాలు గడగడా చదివేశాడు. అర్థం మాత్రం ఒక్క ముక్క తెలియదు. హౌసింగ్ ఆఫీసు క్లర్కు గౌస్ మొహిద్దీన్ మనవాడే, నంద్యాల మనిషి. "శభాష్ భాయ్, హాఫిజ్ సాబు ఖురాను చదివినట్టు చదివినావే" అని మెచ్చుకున్నాడు. అందులో ఏముందో అతను చెప్పలేదు. ఈయన అడగలేదు. మెచ్చుకోలుకు మురిసిపోయి సంతకం పెట్టేశాడు. ఆ వారంలోనే భార్య హమీదున్నీసా, ఆరేళ్ళ కూతురు సబీనా వచ్చి ఆ ఇంట్లో దిగారు.

ఆనాటి నుంచీ ప్రతి నెలా ఒకటో తారీఖు కంపెనీ జీతం ఇచ్చేది. జీతం కవరు చేతికి రాగానే దిలావర్ ఇంటికి కూడా పోకుండా హౌసింగ్ ఆఫీసు కిటికీ దగ్గరికి పోయి అద్దె కట్టేవాడు. గౌస్ రసీదు రాసి ముద్ర కొట్టి ఇచ్చేవాడు. ఈయన దాన్ని నాలుగు మడతలు పెట్టి ఇంట్లో పాలపిండి డబ్బాలో వేసేవాడు. ఎనిమిదిన్నరేళ్ళలో ఒక్క నెల తప్పలేదు.

ఎంతగా తప్పలేదో చెప్తాను వినండి. 1991 ఫిబ్రవరి ఒకటిన సైరన్లు మోగుతున్నాయి. కువైట్ కోసం జరిగే యుద్ధంలో క్షిపణులు తమ నెత్తిన పడుతున్నాయని ఊళ్ళో సగం మంది జెడ్డాకో రియాద్‌కో పారిపోయారు. కంపెనీ పెద్దలు అందరికంటే ముందు పోయారు. కాలనీ తాళాలు మొదట తీసుకున్న తొలి జట్టులో దిలావర్, గౌస్ తప్ప మిగతావాళ్ళంతా ఏళ్ళ కిందటే పని మానుకుని ఇండియాకు వెళ్ళిపోయారు, ఆ ఇళ్ళలో వెనక వచ్చిన పనివాళ్ళు దిగారు. నీళ్ళ పంపులూ ఏసీ ప్లాంటూ చూసేవాడు ఉండాలి కాబట్టి దిలావర్‌ను కదలొద్దన్నారు. కదులుదామన్నా పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉన్నాయి, బీరువా తాళం పారిపోయిన పెద్దమనిషి జేబులో ఉంది. హమీదున్నీసా కిటికీలకు టేపు అంటించి, తలుపు కింద తడి తువ్వాలు దూర్చి, కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కింటి ఫక్రున్నీసా తన ముగ్గురు పిల్లలతో వచ్చి ఆ గదిలోనే ఉండేది. ఆ రోజు కూడా దిలావర్ రెండు వందల యాభై రియాళ్ళు పట్టుకుని ఆఫీసుకు పోయాడు. గౌస్ మెడలో గ్యాస్ మాస్కు వేలాడదీసుకుని రసీదు రాసి ఇచ్చాడు. ఇక చెప్పేదేముంది?

యుద్ధం ముగిసింది. పారిపోయిన పెద్దలు తిరిగొచ్చి ఉన్నవాళ్ళకు తలా ఒక ధన్యవాద పత్రం ఇచ్చారు. దిలావర్ దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. రెండు నెలలు తిరగకుండానే అదే కంపెనీ అదే ఇంటి తలుపుకు బయటివైపు ఇంకో కాగితం తగిలించింది.

కాగితం చించి పట్టుకుని దిలావర్ ఆఫీసుకు పోయాడు. చంకలో పాలపిండి డబ్బా కూడా ఉంది. కిటికీ బల్ల మీద డబ్బా బోర్లించి, "లెక్కపెట్టు గౌస్ భాయ్. ఒక్కటి తగ్గితే చెప్పు" అన్నాడు.

గౌస్ తల ఎత్తలేదు. "నూట రెండు ఉంటాయిలే భాయ్. రిజిస్టర్‌లో కూడా నూట రెండే ఉన్నాయి."

"మరి బాకీ యాడిదప్పా?"

"నూట అయిదు ఉండల్ల. మూడు నెలలు అరియర్స్. మూడు నెలలు ఫుల్ అయితే క్వార్టర్ ఆటోమేటిక్ క్యాన్సిల్. నువ్వు సంతకం పెట్టిన అగ్రిమెంట్‌లోనే ఉండాది."

"నవంబరు ఎనభై రెండు నుంచి ఏప్రిల్ తొంభై ఒకటి దాకా ఎన్ని నెలలు? నువ్వే ఎంచు."

"నాకెందుకు భాయ్, ముదీర్‌ను అడుగు" అని గౌస్ రసీదులన్నీ పోగుచేసి, పాపం ఎంతో జాగ్రత్తగా, తిరిగి డబ్బాలో వేసి ఇచ్చాడు. ముదీర్ అంటే హౌసింగ్ మేనేజరు. ఆయన శనివారం గాని రాడు. వెనకాల వరసలో నిలబడ్డవాళ్ళు దిలావర్ వైపు చూసి చూడనట్టు ముఖాలు తిప్పుకున్నారు. అద్దె ఎగ్గొట్టినవాణ్ణి చూసే చూపు అది.

శుక్రవారం మధ్యాహ్నం దేవన్న అన్నానికి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, ప్లంబరు. ఉండేది బ్యాచిలర్ క్యాంపులో. దిలావర్‌కు క్యాంపు రోజుల నుంచీ స్నేహితుడు. శుక్రవారం హమీదున్నీసా చేతి పప్పూ అన్నం తినకపోతే అతనికి వారం గడిచినట్టుండదు. ఆ రోజు వచ్చేసరికి దిలావర్ చాప మీద రసీదులన్నీ వరసగా పరిచి, నాలుగోసారో అయిదోసారో లెక్కపెడుతున్నాడు. హమీదున్నీసా పక్కన కూర్చుని ఒక రసీదు చేతిలోకి తీసుకుంది. అన్నిటికంటే కొత్తది, పోయిన నెలది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివింది. మళ్ళీ చదివింది.

"సబీనా అబ్బా, ఇది ఎప్పుడు కట్టినావు?"

"ఏప్రిల్ ఒకటి."

"ఏప్రిల్ ఒకటి మనం రోజా ఉన్నాం. రంజాన్ నెల సగం అయింది. దీని మీద జమాదుల్ ఆఖిర్ అని రాసినాడు చూడు. అది మూడు నెలల కిందటి నెల గదా."

దిలావర్ లాక్కుని చూశాడు. గిలికిన చేతిరాతలో, ముద్ర పక్కన, నిజమే, జమాదుల్ ఆఖిర్. ఆయన ఒక్కో మడతా విప్పుకుంటూ పోయాడు. మొదటి రసీదు మీద మొహర్రం అని ఉంది. ఆ ఏడు అది సరైన నెలే. మూడో ఏడు రసీదులు ఒక నెల వెనక ఉన్నాయి. ఆరో ఏటికి రెండు నెలలు వెనకపడ్డాయి. చదవడం వచ్చిన మనిషి, రోజూ ఖురాను చదివే మనిషి, ఎనిమిదిన్నరేళ్ళుగా చేతికిచ్చిన కాగితం మీద ఒక్క మాట చదవకుండా మడతపెట్టి డబ్బాలో వేశాడు. తన మీద తనకే రోత పుట్టింది.

"వీళ్ళు అద్దె అరబ్బీ నెలల లెక్కన ఎంచుతాండారు" అంది హమీదున్నీసా. "నువ్వు జీతం వచ్చిన ఇంగ్లీషు నెల లెక్కన కడతాండావు."

"నెల ఏదైనా నెలే గదా. పన్నెండు నెలలకు పన్నెండు కట్టినా. మూడు నెలలు యాడికి పోయినాయి?"

అప్పుడు దేవన్న నోరు విప్పాడు. అంతదాకా అతను గోడకు ఆనుకుని, తన భార్య అంజవ్వ రాయించిన ఉత్తరాన్ని మడిచి విప్పి మడిచి విప్పి చూసుకుంటున్నాడు. కొత్త ఇంటి పునాదికి ముగ్గు పోయించమని ఇతను డబ్బు పంపితే, ఆమె పంతులును అడిగి, ఈ నెల వద్దన్నాడని రాయించింది.

"గవి యాడికి పోలేదు దిలావర్ భాయ్. మా పంతులు దగ్గరున్నయి" అన్నాడు.

"నవ్వులాట కాదు దేవన్నా."

"నేను సుత నవ్వుతలేను. మాకు కూడా నెలలు చందమామ లెక్కనే. గా లెక్కన సంవత్సరం పదకొండు దినాలు తక్కువైతది. గట్లనే ఇడిసిపెడితే మా పండుగలు కూడా ఏటేటా ఎనుకకు జరుగుతయి. గందుకే మూడేండ్లకోసారి ఒక నెల ఎక్కువ పెట్టి సరిజేస్తరు. అధిక మాసం అంటరు. గిప్పుడు నడుస్తున్నది గదే. గందుకే మా అంజవ్వ ముగ్గు పొయ్యొద్దన్నది. నువ్వు గీ ఇంట్ల దిగినంక ఎనభై అయిదుల ఒకటి, ఎనభై ఎనిమిదిల ఒకటి, గిప్పుడొకటి. మూడు అధిక మాసాలు. మీ అరబ్బీ లెక్కల గవి అధికం గావు, గవిటిని సుత మామూలు నెలల లెక్కనే ఎంచి కిరాయి అడుగుతరు. గవే నీ మూడు నెలలు."

హమీదున్నీసా తల మీద కొంగు సర్దుకుని నెమ్మదిగా అంది: "నేను వచ్చిన మొదటి ఏడు రంజాన్ జూన్‌లో వచ్చింది. ఎండకు నాలుక పిడచగట్టింది. మొన్నటి రంజాన్ మార్చిలో, చల్లగా గడిచిపోయింది. ఏటా వెనక్కి జరుగుతాంటే చూస్తానే ఉన్నాం. ఉపవాసాలకు చూసినాం, అద్దెకు చూడలేదు."

దిలావర్‌కు లెక్క అర్థమైంది. అర్థమయ్యాక కోపం చల్లారలేదు సరికదా, రెట్టింపైంది. తెలియక చేసిన తప్పు తనది, ఒప్పుకుంటాడు. మరి మూడో ఏటనే, ఒక నెల వెనకపడ్డప్పుడే, "భాయ్, ఒక నెల తగ్గింది, కట్టెయ్" అంటే గౌస్ నోటి ముత్యాలు రాలిపోతాయా? ప్రతి రసీదు మీదా పాత నెల పేరు తన చేత్తో రాశాడు. నెల నెలా రాశాడు. రాస్తూ రాస్తూ "ఇంట్లో అంతా ఖైరియతేనా" అని అడిగాడు.

శనివారం పొద్దున మేనేజరు గదిలో ముగ్గురు. మేనేజరు బల్ల వెనక, దిలావర్ బల్ల ముందర, గౌస్ పక్కన రిజిస్టరు తెరిచి పట్టుకుని. మేనేజరు అరబ్బీని గౌస్ తెలుగు చేయాలి, దిలావర్ తెలుగును గౌస్ అరబ్బీ చేయాలి.

"లెక్క నాకు అర్థమైంది. ఒప్పుకుంటా" అన్నాడు దిలావర్. "అద్దె చంద్రుడి లెక్కన కట్టమన్నారు, కడతా. మరి నా జీతం సూర్యుడి లెక్కన ఎందుకు ఇస్తాండారు? పన్నెండేండ్లు దాటింది నేను పనికి చేరి. చంద్రుడి లెక్క తీస్తే నాకే నాలుగు నెలల జీతం రావల్ల. అది ఇయ్యమను, అందులో మూడు నెలల అద్దె పట్టుకోమను. చెప్పు గౌస్ భాయ్, ఒక్క మాట పోకుండా చెప్పు."

గౌస్ చెప్పాడు. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. ఆ నవ్వు దిలావర్ చచ్చేదాకా మరిచిపోలేదు. జీతం ఒప్పందం ఇంగ్లీషులో ఉంది, ఇంటి ఒప్పందం అరబ్బీలో ఉంది, రెండింటి మీదా సంతకం నీదే, అన్నాడు. కంపెనీ ఇచ్చేది పెద్ద నెలల మీద, కంపెనీ పుచ్చుకునేది చిన్న నెలల మీద. ఎంత చక్కని ఏర్పాటు. ఎవరి బుర్రలో పుట్టిందో గాని వాడి బుర్రకు నిజంగా దండం పెట్టాలి.

దిలావర్ చూపు రిజిస్టరు మీద పడింది. అరబ్బీ అక్షరాలు. అర్థం తెలియకపోయినా పేర్లకు అర్థంతో పనేముంది. తన పేరు చదివాడు. దానెదురుగా చివరి గడిలో జమాదుల్ ఆఖిర్. కింది వరసలో ఇంకో పేరు, తనతోపాటే తాళం తీసుకున్న మనిషి పేరు: గౌస్ మొహిద్దీన్. దానెదురుగా చివరి గడిలో రంజాన్.

ఆయన వేలు పెట్టి చూపించాడు. "నువ్వు నూట అయిదు కట్టినావు."

గౌస్ రిజిస్టరు మూయబోయాడు.

"నీకు తెలుసు. తెలిసి, నీ మటుకు సరిగ్గా కట్టుకున్నావు. సైరన్ మోగే రోజు వచ్చినా నాకు రాసిచ్చింది పాత నెలే. ఒక్కసారి చెప్పుంటే ఏం పోయేది నీ సొమ్ము?"

"చెప్పొద్దన్నారు భాయ్" అన్నాడు గౌస్, గొంతు బాగా తగ్గించి. "నా క్వార్టర్ కూడా వీళ్ళదే. నాకూ ఇద్దరు పిల్లలుండారు."

మేనేజరు మధ్యలో ఏదో అన్నాడు. గౌస్ వింటూ నేల వైపు చూస్తూ దాన్ని తెలుగు చేశాడు. ఎండాకాలం వస్తోంది, ఏసీ ప్లాంటు తెలిసినవాడు కావాలి, కాబట్టి దిలావర్‌కు మాత్రం మినహాయింపు ఇస్తారు. మూడు నెలల అద్దె, జరిమానా కట్టేసి ఇంట్లోనే ఉండొచ్చు. ఒక్కటే షరతు. ఈ నెలల సంగతి కాలనీలో ఎవరికీ చెప్పకూడదు.

అప్పుడు దిలావర్‌కు మొత్తం కనబడింది. యుద్ధం అయ్యాక ఖోబర్‌లో ఇళ్ళకు గిరాకీ పెరిగింది. రెండు వందల యాభైకి ఇచ్చిన ఇంటిని బయటివాళ్ళకు వెయ్యికి ఇవ్వొచ్చు. ఒప్పందం ఉన్నవాణ్ణి ఊరికే వెళ్ళగొట్టలేరు. అందుకని ఒక్కొక్కరికీ మూడో నెల నిండేదాకా నోరు మూసుకుని కాచుకుని ఉన్నారు. ఆయన అందరికంటే ముందు వచ్చాడు గనుక ఆయనకు ముందు నిండింది. మిగిలినవాళ్ళు ఇంకా నిండుతున్నారు. రేపు చెప్తానని దిలావర్ లేచి వచ్చేశాడు.

అబద్ధం ఎందుకు, దారంతా ఆయన ఒప్పుకుందామనే అనుకున్నాడు. సబీనా పదో తరగతిలో చేరి నెల కాలేదు. వచ్చే మార్చిలో బోర్డు పరీక్ష. ఆ ఒక్క ఏడు గడిస్తే చాలు. ఎవరి అద్దె వాళ్ళు చూసుకోవాలి, ఊరందరికీ తాను జవాబుదారీనా? ఇంటికి వచ్చి భార్యకు అంతా చెప్పి, "ఏమంటావు" అన్నాడు.

హమీదున్నీసా బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. తర్వాత అడిగింది: "ఫక్రున్నీసా వాళ్ళు ఎప్పుడు దిగినారు ఈ కాలనీలో?"

"ఎనభై మూడు డిసెంబరు."

"వాళ్ళకు మూడో నెల ఎప్పుడు నిండుతాది?"

ఆయన వేళ్ళ మీద లెక్క వేశాడు. "వచ్చే ఫిబ్రవరి."

"ఇప్పుడే కట్టేస్తే?"

"ఇప్పుడు కట్టేస్తే ఏమీ కాదు. నిండకముందు బాకీ తీర్చినోళ్ళ జోలికి పోలేరు."

"ఆ సైరన్ల రోజుల్లో ఆమె పిల్లలకు నా ఒళ్ళో చోటు లేకపోతే నీ ఒళ్ళో పెట్టుకున్నావు" అంది హమీదున్నీసా. "ఫిబ్రవరిలో ఆ పిల్లలు సామాను మోసుకుని పోతాంటే, నువ్వు ఈ కిటికీలో నుంచి చూస్తాంటావా? నేనైతే చూడలేను. నీకు చేతనైతే ఒప్పుకో."

ఆయనకు చేతకాలేదు.

మే నెలలో ఏసీల ఫిల్టర్లు కడగడం దిలావర్ పని. ఏటా ప్రతి ఇంటికీ పోయి, నిచ్చెన వేసి, ఫిల్టరు తీసి, దుమ్ము దులిపి కడిగి మళ్ళీ పెట్టాలి. ఎవరూ ఎందుకొచ్చావని అడగరు. మేనేజరుకు రేపు రేపు అని చెప్పి వాయిదా వేస్తూ, ఆయన ఆ ఏడు ఫిల్టర్లు కడగడం పదిహేను రోజులు ముందే మొదలుపెట్టాడు. ఇంట్లోకి పోయి, ఫిల్టరు కడిగి, చేతులు తుడుచుకుని, "మీ అద్దె రసీదు ఒకటి తీసుకురండి" అనేవాడు. చదవడం వచ్చినవాళ్ళ చేత చదివించాడు. మలయాళీలకూ బెంగాలీలకూ తానే చదివి చెప్పాడు. వాళ్ళు ఏ నెలలో దిగారో అడిగి, ఎంత వెనకపడ్డారో అక్కడికక్కడే చెప్పేసేవాడు. ఒకరికి రెండు నెలల ఇరవై రోజులు, ఒకరికి నెలన్నర. రోజుకు ఆరేడు ఇళ్ళు. ఆరు రోజుల్లో ముప్పై ఎనిమిది ఇళ్ళ ఫిల్టర్లూ తళతళలాడాయి. గౌస్ ఇంటికి మాత్రం పోలేదు, అతనికి చెప్పాల్సిందేముంది.

ఏడో రోజు పొద్దున హౌసింగ్ ఆఫీసు కిటికీ ముందు వరస రోడ్డు దాకా వచ్చింది. జీతం రోజు కాదు, ఒకటో తారీఖు కాదు. అప్పు చేసినవాళ్ళు, చీటీ పాడినవాళ్ళు, భార్య గాజు తాకట్టు పెట్టినవాళ్ళు, అందరి చేతుల్లోనూ డబ్బులున్నాయి. "నా రసీదు మీద ఇప్పుడు నడిచే నెల, షవ్వాల్ అని రాయండి. చదివి చూసుకున్నాకే పోతా" అని ఒక మలయాళీ డ్రైవరు గట్టిగా అంటుంటే గౌస్ చెమటలు కక్కుకుంటూ రాశాడు.

మేనేజరు దిలావర్‌ను పిలిపించాడు. ఈసారి నవ్వలేదు. మాట ఇచ్చి తప్పావన్నాడు.

"నేను మాట ఇయ్యలేదు. రేపు చెప్తానన్నా. అదే ఇప్పుడు చెప్తాండా" అన్నాడు దిలావర్. ఆయన మూడు నెలల అద్దె, జరిమానా బల్ల మీద పెట్టాడు. డబ్బు తీసుకున్నారు. ఇల్లు కూడా తీసుకున్నారు. నెలరోజుల గడువు ఇచ్చారు, అది కూడా చిన్న నెలే, ఇరవై తొమ్మిది రోజులు.

కాలనీ జనం ఏమైనా చేశారా అంటే, చేయగలిగింది చేశారు. ఆడవాళ్ళు వచ్చి హమీదున్నీసాను పట్టుకుని ఏడ్చారు. మగవాళ్ళు కలిసి మేనేజరు దగ్గరికి ఒక అర్జీ పట్టుకుపోయారు. అతను దాన్ని చదవకుండానే, సంతకాలు పెట్టినవాళ్ళ ఇఖామాలు ఎప్పుడు ముగుస్తాయో గౌస్‌ను అడిగాడు. ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, దాన్ని పొడిగించాల్సింది కంపెనీయే. ఆ ప్రశ్నకు అర్థం అందరికీ తెలిసింది. అర్జీ అక్కడే ఆగిపోయింది. వాళ్ళను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

తప్పు పట్టింది సబీనా. విమానాశ్రయంలో, పాస్‌పోర్టుల మీద ఎగ్జిట్ ముద్ర పడేదాకా ఊరుకుని, అప్పుడు అడిగింది. "అందరి ఇళ్ళూ నిలబెట్టావు అబ్బా. మన ఇల్లు, నా పరీక్ష ఎవరు నిలబెడతారు?" పదిహేనేళ్ళ పిల్ల. హమీదున్నీసా కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది, ఒక్కసారి మాత్రం వెనక్కి తిరిగి చూసింది. రాయచోటిలో బడివాళ్ళు సిలబస్ వేరని చెప్పి సబీనాను మళ్ళీ తొమ్మిదిలో కూర్చోబెట్టారు. పిల్లకు ఒక ఏడు పోయింది. అద్దెలో మూడు నెలలు తక్కువైతే తిరిగి కట్టొచ్చు. ఆ ఏడాదిని ఎవడు తిరిగి కడతాడు?

దిలావర్ మళ్ళీ బ్యాచిలర్ క్యాంపుకు, దేవన్న పక్క మంచానికి చేరాడు. ఇంకో అయిదేళ్ళు పనిచేశాడు. ఏటా మేలో అవే ముప్పై ఎనిమిది ఇళ్ళకు నిచ్చెన మోసుకుపోయి ఫిల్టర్లు కడిగాడు. తన పాత ఇంట్లో ఎవరో పెద్ద జీతగాడు దిగాడు. ఆ ఇంటి ఫిల్టరు కూడా ఆయనే కడిగాడు. రెండేళ్ళకోసారి సెలవు మీద ఇంటికి పోతే సబీనా పలకరించేది గాని, ఎక్కువ మాట్లాడేది కాదు.

1996 మార్చిలో పదిహేడేళ్ళు నిండాక, ఇక చాలని, ఉద్యోగం వదిలి ఊరికి పోయే ఫైనల్ ఎగ్జిట్ అడిగాడు. లెక్క తేల్చే రోజున కాగితం ముందు పెట్టారు. అరబ్బీ. మేనేజరు అతనే, కాస్త జుట్టు నెరిసింది. గౌస్ అతనే, కళ్ళజోడు వచ్చింది.

"చదివి అర్థం చెప్పు" అన్నాడు దిలావర్.

గౌస్ మెల్లగా తెలుగులో చెప్పాడు. నాకు ఈ కంపెనీ నుంచి రావలసినదంతా ముట్టింది, ఇక ఏ బాకీ లేదు, ఇట్లు.

దిలావర్ రెండోసారి చెప్పించుకున్నాడు. తర్వాత కలం తీసుకుని, సంతకం పెట్టే చోట, తన పేరుకు పైన, తెలుగులో నిదానంగా ఒక వాక్యం రాశాడు. మేనేజరుకు అది పొడుగాటి సంతకంలా కనిపించి ఉంటుంది. ఏమిటిది అన్నట్టు గౌస్ వైపు చూశాడు.

గౌస్ కాగితం తీసుకుని చదివాడు. నంద్యాలలో హైస్కూలు దాకా తెలుగులో చదువుకున్న మనిషి. దాని మీద ఇలా ఉంది: "చంద్రుడి లెక్కన ఈ కంపెనీ నాకు ఆరు నెలల జీతమూ, నా కూతురు సబీనాకు ఒక సంవత్సరమూ బాకీ ఉంది."

గౌస్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పేరే రాసినాడు సార్, వాళ్ళ భాషలో" అని మేనేజరుకు అరబ్బీలో చెప్పి, దాని మీద కంపెనీ ముద్ర గట్టిగా కొట్టి, ఒక కాపీ దిలావర్ చేతిలో పెట్టాడు. ఈసారి దిలావర్ దాన్ని మడతపెట్టలేదు. ముద్ర చదివి, నెల చదివి, తారీఖు చదివి, అప్పుడు జేబులో పెట్టుకున్నాడు.